ఎర్రచేపల జుబ్బా

“ఎవులో ఒకలు మన గుమ్మం ఎక్కుతారే సత్యా. ఎక్కి, మీ పిల్ల ఏటి కూసిందీ అని అడుగుతారు. అప్పుడు నాను ఏటి సెప్పాలి?”

ఈ మాట నేను పైకే అన్నాను. అప్పటికింకా ఎవరూ రాలేదు, ఏమీ జరగలేదు. కానీ పొద్దుటినుంచి కుడికన్ను అదురుతూనే ఉంది. పప్పు కుక్కర్లో పెట్టాను, కూత రాకముందే రెండుసార్లు వెళ్లి గ్యాసు గొట్టం తడిమి వచ్చాను.

సత్యశ్రీ తలెత్తలేదు. వరండాలో బల్లమీద తెల్లదుప్పటి పరిచి, ఫోన్‌ని స్టాండుకి బిగించి, తాడు లాగితే ఉల్లిపాయ తరిగే డబ్బాని దానిముందు సర్దుతోంది.

“అడిగితే నిజమే సెప్పిందని సెప్పు,” అంది.

“నిజం మీద కూడా కేసులు పెడతారే.”

“అమ్మ మొదలెట్టేసింది,” అంది లోపల గదిలోంచి హేమశ్రీ. పురిటికి వచ్చిన నా పెద్దకూతురు. “ఇంకో గంటలో పోలీసులు, సాయంత్రానికి కోర్టు. బాబుకి పాలు పట్టేసి నేను కూడా జైలుకి రెడీ అయిపోతాను.”

అక్కాచెల్లెళ్లిద్దరూ నవ్వుకున్నారు. వాళ్లు నవ్వితే నాకు ఇంకా భయం.

సత్యశ్రీ వీడియోలకి ‘రెండొందల లోపే’ అని పేరు. ట్యూషన్లు చెప్పుకున్న డబ్బుల్తో ఆన్‌లైన్లో చిన్నచిన్న వస్తువులు తెప్పిస్తుంది. కొన్నాళ్లు ఇంట్లో వాడుతుంది. తర్వాత ఎలా ఉందో ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. వీపు గోక్కునే చెక్కచెయ్యి బ్రహ్మాండంగా ఉందంది. అది వాళ్ల నాన్న దగ్గరే ఉండిపోయింది, వెనక్కివ్వడం లేదు. మనిషి అలికిడికి దానంతటదే వెలిగే దీపం బాత్రూము గోడకి అంటిస్తే, దొంగాడు టార్చి వేశాడనుకుని నేను చేసిన కేకకి పక్కవాటా వాళ్లు కర్రలతో వచ్చారు. “దీపం మంచిదే, భయస్తులున్న ఇంటికి వద్దు” అని అదీ చెప్పేసింది.

ఎవరైనా సరుకు ఊరికే పంపితే తీసుకోదు. ఒక కంపెనీవాళ్లు పెద్ద అట్టపెట్టె పంపితే విప్పకుండానే తిప్పి పంపేసింది. “తీసుకుంటే నా నోటికి విలువేటుంటదమ్మా?” అంది. ఆ మాటకి నాకు గర్వంగానే అనిపించింది. పైకి మాత్రం, తిప్పి పంపితే వాళ్లకి కోపం రాదా అన్నాను.

వాళ్ల నాన్న ఒక్క షరతు మీద ఒప్పుకున్నారు. ఈ ఇంటి ఆడవాళ్ల మొహం ఫోన్లో కనబడకూడదు. అందుకే వీడియోల్లో దాని చేతులే ఉంటాయి. చేతులూ, గొంతూ.

పోయినవారం ఆ చేతులు మనవడి కోసం తెప్పించిన జుబ్బాని ఉతికాయి. తెల్లటి మెత్తని గుడ్డ, కింద అంచు పొడుగునా ఎర్రదారంతో చిన్నచిన్న చేపలు. సబ్బు పెట్టగానే ఎరుపు కారిందట. “పసిబిడ్డలకి ఇలాంటిది వేయకండి. ‘చిట్టి గూడు’ వాళ్ల జుబ్బాలు కొనకండి,” అని చెప్పేసింది. అది ఎక్కడెక్కడికో పాకిపోయింది. అప్పట్నుంచి ఫోన్ ఊరుకోవడం లేదు. ఎవరెవరో తల్లులు దీవెనలు పంపుతున్నారు. ఇంకెవరెవరో ఆ కొట్టువాళ్లని నానా మాటలూ తిడుతున్నారు. ఆ తిట్లు చదివి వినిపించొద్దని చెప్పాను. ఎవరి ఇంట్లో ఎవరి చెవిన పడుతున్నాయో అని నా బాధ.

ఉల్లిపాయల డబ్బా వీడియో అయింది. (ఉల్లిపాయకి బాగుంది, పచ్చిమిరపకాయకి పనికిరాదు, కళ్లమంట ఎలాగూ తప్పదు.) అన్నాలు తిని కంచాలు తీస్తుండగా గేటు గొళ్లెం చప్పుడైంది.

తలుపు సందులోంచి చూశాను.

“ఓలమ్మ! జన్నత్ అక్క!”

దువ్వాడ ఎండలో ఆటో దిగి, కొంగు నెత్తిమీదికి లాక్కుంటూ నిలబడింది జన్నత్ బీ. వెనకే కొడుకు జాకీర్, భుజాన పెద్ద మూట.

సత్యశ్రీ పుట్టినప్పుడు మేం పాతూరిలో వాళ్ల మేడమీది వాటాలో అద్దెకుండేవాళ్లం. కింద అక్కావాళ్లాయన అబ్దుల్ రజాక్ భాయి కుట్టుమిషను చప్పుడు వినిపిస్తే గాని ఈ పిల్ల నిద్రపోయేది కాదు. పోర్టు వైపునుంచి గాలి తిరిగిందంటే చాలు, అక్కా నేనూ చేతిలో పని వదిలేసి ఒకే తాడుమీది బట్టలు, ఎవరివి ఎవరివో చూసుకోకుండా లాగేసేవాళ్లం. బొగ్గుదుమ్ము పడితే మళ్లీ ఉతకాలి కదా. అలాంటి మనిషి బాబుని చూడ్డానికి వచ్చిందని నా ప్రాణం లేచొచ్చింది.

“రా అక్కా, కూసో. టీ పెడతాను.”

“వద్దు చిలకా.”

నా చేతి టీని ఆమె వద్దనడం నేనెరగను. కుర్చీ అంచున కూర్చుంది. హేమశ్రీ బాబుని తెచ్చి చూపిస్తే, నుదుటిమీద వేలితో తాకి ఏదో మెల్లిగా చదువుకుంది. ఒళ్లోకి మాత్రం తీసుకోలేదు.

జాకీర్ మూట విప్పాడు. ప్లాస్టిక్ కవర్లు. తెల్లటి జుబ్బాలు. అంచుల్లో ఎర్రచేపలు.

“ఇవేటి బాబూ?”

“మావే చిన్నమ్మా. ఎనక్కొచ్చేసినవి. ఇంకా వస్తన్నాయి. చిట్టి గూడు మాదే.”

సత్యశ్రీ చేతిలోంచి ఉల్లిపాయల డబ్బా మూత జారి నేలమీద గిరగిరా తిరిగింది.

“మీదా?” అంది. “మీ పేరు లేదు కదా అన్నా.”

“అమ్మ పేరు పెడితే కొనేవాళ్లు కొంటారో, సూసి తిప్పేత్తారో అని నేనే ఆ పేరు పెట్టాను. ఇప్పుడు ఏ పేరూ లేకుండా పోయింది. ఆన్‌లైన్లో మా సరుకు కనబడకుండా ఆపేశారు. పిల్లల బట్టలు, రంగు దిగుతాదని కంప్లయింట్లు అంట. నాన్న నిన్నట్నుంచి మిషను దగ్గర కూసోలేదు.” జాకీర్ గొంతు తగ్గించుకున్నాడు. “ఆ వీడియో తీసేయ్ సత్యా. అది సెప్పడానికే వచ్చాం.”

నేను వెంటనే అన్నాను. “తీసేత్తాది బాబూ. ఇప్పుడే తీసేత్తాది. తియ్యవే.”

“ఉండమ్మా.” సత్యశ్రీ లేచి నిలబడింది. మొహం ఎర్రబడింది. “అన్నా, మీదని తెలిస్తే నాకు ముందే... నాకూ బాధగానే ఉంది. కానీ ఎవరిదో అనుకున్నప్పుడు నిజమైంది, మీదని తెలిశాక అబద్ధం అయిపోద్దా?”

“నిజమా? నీకు తెలుసా నిజం?”

“కెమెరా ముందే ఉతికాను. ఎరుపు కారింది. అందరూ సూశారు.”

“మా అమ్మ దారం ఎలగ వాడుతాదో సూశారా అందరూ? వేణ్ణీళ్లలో ఉప్పేసి నానబెడతాది. తెల్లగుడ్డలో పెట్టి పిండుతాది. గుడ్డకి ఇసుమంత ఎరుపు అంటినా ఆ ఉండ పారేత్తాది. పిల్లలు అంచులు నోట్లో పెట్టుకుంటారని. నాన్న తిడతాడు, ఇంత టైము ఏటని. అయినా మానదు.”

“మరి నాకు వచ్చినదానికి ఆ పని మర్చిపోయి ఉంటారు.”

“సత్యా!” అన్నాను.

అప్పటికే అనేసింది. ఆ మాటకి జన్నత్ అక్క తల ఎత్తి దానివైపు చూసింది. కోపంగా కాదు. చిన్నప్పుడు ఇది మెట్లమీంచి దొర్లిపడితే, ఎక్కడ దెబ్బ తగిలిందో వెతికేది చూడండి, అలాగే చూసింది. చూసి, మళ్లీ తల దించేసుకుంది.

“ఎంత బాగా మాటాడతన్నావ్ సెల్లీ,” అన్నాడు జాకీర్. “మొహం సూపించక్కర్లేదు, పేరు సెప్పక్కర్లేదు. రెండు సేతులు పెట్టి ఒక ఇల్లు మూసేయొచ్చు. బాగుంది.”

“నేను కొన్న వస్తువు గురించి నేను సెప్పకూడదా? రేపు అందరూ అన్నలూ పెద్దమ్మలే అయితే ఇంక నేను ఏం సెప్పాలి?”

“ఒకసారి సూడు అయితే. నువ్వు సెప్పినదాన్ని నువ్వే మళ్లీ సూడు.” జాకీర్ తన ఫోన్ తీసి అందరి మధ్యా చాపాడు.

అంతవరకూ నేను ఆ వీడియో చూడలేదు. చూస్తే భయమేస్తుందని చూడలేదు. ఇప్పుడు తప్పలేదు.

మా నీలం బకెట్టు. మా బట్టలసబ్బు. నా కూతురి చేతులు. నురగలో తెల్లటి గుడ్డ. ముందు ఏమీ లేదు. తర్వాత ఒక మూల సన్నగా ఎరుపు వచ్చింది. గుడ్డ తిప్పింది. రెండో మూల కూడా. “చూశారా?” అని దాని గొంతు.

చూశాను.

చేపలు అంచు పొడుగునా ఉన్నాయి. మధ్యలో ఉన్న చేపల దగ్గర నురగ తెల్లగానే ఉంది. ఎరుపు కారింది రెండు మూలల్లోనే.

ఆ రెండు మూలలూ నాకు బాగా తెలుసు.

కొత్తగుడ్డ పసుపు అంటకుండా బిడ్డ ఒంటిమీదికి ఎక్కడం మా ఇంట్లో లేదు. మా అమ్మ ఇంట్లో లేదు, మా అత్తగారింట్లోనూ లేదు. కానీ సత్యశ్రీ ఒక నియమం పెట్టింది. కవరు విప్పడం వీడియో తీసేదాకా కొత్త వస్తువు ఎవరూ ముట్టుకోకూడదు. అందుకే అది స్నానానికి వెళ్లినప్పుడు కవరు మెల్లగా విప్పి, అంచు మడత లోపల, బయటికి కనబడకుండా, రెండు మూలలా తడిపసుపు బొట్లు పెట్టి, మళ్లీ ఉన్నట్టే మడిచి పెట్టేశాను. తర్వాత దాని సంగతే మర్చిపోయాను. రంగు దిగిందని అది చెబితే దారం అనే అనుకున్నాను.

చెప్పాలి.

చెబితే నా పిల్ల మాట ఏమవుతుంది? నిజం చెబుతుందని కదా ఇంతమంది వింటున్నారు. ఒక్కసారి తప్పు చెప్పిందని తెలిస్తే, అంతకుముందు చెప్పినవన్నీ కూడా తప్పులే అంటారు. దాని చేతుల్ని చూశాను. తర్వాత అక్క చేతుల్ని చూశాను. ఒళ్లో, ఒకదానిమీద ఒకటి పెట్టుకుని ఉన్నాయి. ఏ పనీ లేకుండా ఆ చేతుల్ని నేనెప్పుడూ చూడలేదు.

నేను లేచి లోపలికి వెళ్లాను. వీడియో రోజున సత్యశ్రీ పక్కన పడేయమన్న జుబ్బాని పారేయడానికి మనసొప్పక, జాడించి డాబామీద ఆరేసి, ఉయ్యాల కింద బుట్టలో పెట్టాను. అది తెచ్చాను. వస్తూ పసుపు డబ్బా, సబ్బుముక్క, నా పాత తువాలు కూడా పట్టుకొచ్చాను.

“ఇదిగో. సూడండి. ఎక్కడుంది ఎరుపు?”

మల్లెపువ్వులా ఉంది జుబ్బా. జాకీర్ అటూ ఇటూ తిప్పాడు. సత్యశ్రీ లాక్కుని కిటికీ వెలుగులో పెట్టింది.

“ఇదెలా...? దారం రంగు అంటితే ఇంత తొందరగా పోదు కదా.”

“దారం రంగు కాదే.” తువాలు కొస తడిపి, చిటికెడు పసుపు అద్ది, సబ్బు రుద్దాను. తెల్లనురగలోంచి ఎరుపు కారింది. వీడియోలో కారినట్టే. “పారాణి ఎలగ కలుపుతాం? పసుపులో సున్నం. సబ్బు తగిల్తే కూడా అంతే. ఎండలో పెడితే పసుపు ఎగిరిపోద్ది. పసుపు నానే పెట్టాను. నువ్వు ఉతకడానికి ముందే పెట్టేశాను.”

“ఓర్నాయనో,” అన్నాడు జాకీర్.

హేమశ్రీకి ముందు నవ్వొచ్చింది. చెల్లెలి మొహం చూసి ఆపుకుంది.

“ఎందుకు సెప్పలేదమ్మా?” సత్యశ్రీ గొంతు పీలగా వచ్చింది.

“సెప్తే పెట్టనిత్తావా? పసుపు లేకుండా బిడ్డకి ఎలగేత్తారే?”

“ముట్టుకోవద్దని ఎన్నిసార్లు సెప్పాను!”

“నువ్వు వద్దంటే మానేస్తానా? నా మనవడు!”

సత్యశ్రీ జుబ్బా అంచుని వేళ్లతో తడుముతూ, ఒక్కో చేపనీ దాటుకుంటూ పోతోంది. చివరి చేప దగ్గర ఆగిపోయింది.

“తెలిసిపోయింది కదా,” అన్నాడు జాకీర్. కోపం దిగి, అలసట మిగిలింది వాడి గొంతులో. “తీసేయ్ సత్యా. అది సాలు.”

“తీసేస్తే సాలదన్నా. సూసినోళ్ల బుర్రలో ఉండిపోద్ది కదా. మళ్లీ సెప్పాలి.” సత్యశ్రీ వెళ్లి జన్నత్ అక్క కుర్చీ దగ్గర నేలమీద కూర్చుంది. “పెద్దమ్మా, నేను మీ ఇంటికొస్తాను. మీరు దారం నానబెట్టేది, పిండేది, పెదనాన్న మిషను, అంతా తీస్తాను. చూస్తే నమ్ముతారు. రమ్మంటారా?”

స్టేషను వైపు గూడ్సు బండి ఒకటి పోతోంది. పెట్టె తర్వాత పెట్టె. అది పూర్తిగా పోయాక అక్క అంది.

“నా ఇంట్లో తప్పు జరగలేదు బేటీ. నా ఇల్లు ఎందుకు సూపించాలి?”

సత్యశ్రీ తల వంచుకుంది.

“జరిగిన సోటు సూపించు,” అంది అక్క.

“చూపించినా నమ్మరు,” హేమశ్రీ నెమ్మదిగా కలగజేసుకుంది. “మొన్న నిమ్మకాయలు పిండేదాని గురించి ఇంకో వీడియోల పిల్ల మాట మారిస్తే నువ్వే అన్నావు కదే, అమ్ముడుపోయింది అని. ఇప్పుడు నిన్నూ అదే అంటారు. చిట్టి గూడు వాళ్లు మూటతో వచ్చి దీని నోరు కొనేశారంటారు.”

“అంటారు,” అన్నాడు జాకీర్ కూడా.

సత్యశ్రీ నావైపు తిరిగింది. ఆ చూపు నాకు నచ్చలేదు. పరీక్ష ఫీజు కట్టాలన్నప్పుడు అలా చూసేది.

“అమ్మా. పసుపు పెట్టింది నువ్వు. నువ్వే సెప్పు.”

“నానా?”

“ఇప్పుడు సెప్పావే, అలాగే. తువాలు, సబ్బు, పసుపు. నీ సేతులే కనబడతాయి. నాన్న షరతు తప్పక్కర్లేదు.”

పసుపు డబ్బా మూత బిగించాను.

అందరూ నన్నే చూస్తున్నారు. నాకు హేమశ్రీ అత్తగారు కనబడింది, ఫోన్ కళ్లకి దగ్గరగా పెట్టుకుని. మా ఊళ్లో తోడికోడళ్లు కనబడ్డారు. చదువులేని మనిషి, పసుపు పూసి ఒకళ్ల కడుపు కొట్టింది అనే నోళ్లు కనబడ్డాయి. ఆ తిట్లు ఈసారి నా చెవిన పడతాయి. ఇన్నాళ్లూ ఏదో వచ్చి మీద పడుతుందని ఎటెటో చూశాను. అది నా పోపులపెట్టెలోంచి వచ్చింది.

బాబు నిద్రలో కదిలాడు. జాకీర్ మూట కొసలు దగ్గరికి లాగుతున్నాడు. అక్క చేయి చాపి, మా దగ్గరున్న జుబ్బాని కూడా ఆ మూటలో వేసుకోబోయి, ఆగి, దాన్ని తిరిగి నా పక్కన పెట్టింది. మీదే కదా అన్నట్టు. నన్నొకసారి అడిగితే బాగుండును, తిడితే ఇంకా బాగుండును అనిపించింది.

“అమ్మా,” అంది సత్యశ్రీ మళ్లీ. “సేతులే అమ్మా. ఎవరో కూడా తెలీదు.”

వీధి మలుపులో మా ఆయన బండి చప్పుడు వినబడింది. పొద్దుటి షిఫ్టు దిగి వస్తున్నారు. ఆ బండి మా గేటు దాకా రావడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. లేచి తలుపు తీయాలి. లేవలేదు. కొంగుతో మొహం తుడుచుకున్నాను. తువాలు కొసన ఎరుపు ఇంకా తడిగానే ఉంది.

“ఎవులో తెలీకపోతే ఎవులు నమ్ముతారే? సేతులు ఎవులివైనా అవ్వొచ్చు,” అన్నాను. “నా మొకం సూపించు.”